పంజా పోయింది

ఉదయం తొమ్మిదీ యాభై. మైత్రీవనం పక్క సందులో, మూడో అంతస్తు. గుమ్మం మీద బోర్డు: "నెక్స్ట్ బ్యాచ్ టెక్నాలజీస్. జావా, పైథాన్, క్లౌడ్."

ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు వీపున పెద్ద బ్యాగుతో మెట్లెక్కి రిసెప్షన్ ముందు ఆగాడు.

"డెమో క్లాసు ఎన్నింటికండీ?"

"ఫ్యాకల్టీ ఊళ్లో లేరు," రిసెప్షనిస్టు తలెత్తకుండానే అంది.

"నోట్సు నేనే తెచ్చుకున్నాను."

"అయితే లోపల కూర్చోండి."

బల్ల కింద ఆమె వేలు కదిలింది. గోడకున్న వైట్‌బోర్డు పక్కకి జరిగింది. కుర్రాడు లోపలికి వెళ్లగానే మళ్లీ మూసుకుంది.

అమీర్‌పేటలో ఇలాంటి మెట్లు రోజుకి ఎన్ని వేలమంది ఎక్కి దిగుతారో లెక్కలేదు. అందరూ ఉద్యోగం కోసమే. దేశం కోసం ఎక్కేవాడు మాత్రం ఇతనొక్కడే. పేరు తారక్. సెల్ సెవెన్ అనే గూఢచారి విభాగంలో ఏజెంట్ త్రీ. సొంతూరు భీమవరం, వయసు ముప్ఫై నాలుగు. గురి తప్పని షూటర్ అని డిపార్ట్‌మెంటంతా చెప్పుకుంటుంది. ఆ పేరు ఎలా నిలబడిందో తెలిస్తే మీరు ముక్కున వేలేసుకుంటారు. కాసేపట్లో చెబుతాను, తొందరపడకండి.

లోపల ఏసీ గదిలో చీఫ్ కృష్ణమోహన్ నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ధాత్రి. ఏజెంట్ ఫైవ్. నీలం పట్టుచీర, చెవులకి ముత్యాలు. ఆ ముత్యాల్లో ఒకటి మైక్రోఫోన్, ఒకటి ఇయర్‌పీస్. ఆమె నడిచివస్తుంటే కాన్ఫరెన్సుల్లో పెద్దపెద్ద దౌత్యవేత్తలే మాట మరిచిపోతారు.

"కూర్చో. టైం లేదు," అన్నాడు చీఫ్. "టార్గెట్ అచ్యుతరావుగారు. మన కొత్త రాడార్ డిజైన్ చేసిన సైంటిస్టు. దాన్ని అమ్మమని నార్త్‌స్టార్ ముఠా అడిగింది, ఆయన పొమ్మన్నాడు. వాళ్లు షూటర్ని దింపారు. కోడ్‌నేమ్ మార్కో. ఆయుధం బోల్ట్ యాక్షన్ రైఫిల్."

"ఆయన ప్రోగ్రామ్స్ క్యాన్సిల్ చేయొచ్చుగా సర్?" అన్నాడు తారక్.

"ప్రాణం పోయినా క్యాన్సిల్ చేయనంటాడు. పదకొండున్నరకి పంజాగుట్ట కన్వెన్షన్ హాల్ మెట్లమీద ప్రెస్‌తో మాట్లాడతాడు. రెండింటికి ఇక్కడ, అమీర్‌పేటలో, స్టూడెంట్స్‌తో మీటింగ్. రెండిట్లో ఎక్కడ కొడతారన్నదే ప్రశ్న. రాత్రి ఒక మెసేజ్ పట్టుకున్నాం."

స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెరిసింది.

"పంజా పోయింది. అమీర్‌పేటలో మారుస్తాం."



"సింపుల్ సర్," అంది ధాత్రి. "పంజా అంటే పంజాగుట్ట. అక్కడి ప్లాన్ పోయింది. స్పాట్‌ని అమీర్‌పేటకి మార్చారు." ఆమె తారక్ వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "నువ్వేమంటావ్ తారక్?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తారక్ చెయ్యి దానంతటదే కాలర్ మీదికి పోయింది. పంజా అంటే పంజాగుట్ట ఒక్కటే కాదని అతనికి తెలుసు. ఆ మాట ఎక్కడ విన్నాడో, ఎవరి నోట విన్నాడో కూడా తెలుసు. కానీ ఆ మాట ఎత్తితే ఇంకో మాట ఎత్తాలి. ఆ మాట ఎత్తితే మూడేళ్లనాటి ఫైలు తెరుస్తారు.

"అదే అయ్యుంటుంది సర్," అన్నాడు.

"గుడ్. మన మనుషులు పద్నాలుగు మందీ అమీర్‌పేటకే. పంజాగుట్టలో అచ్యుతరావుగారి పక్కన ధాత్రి ఒక్కతే చాలు." చీఫ్ ఒక ప్లాస్టిక్ సంచి అందించాడు. "పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లమీద దొరికింది. రైఫిల్ బోల్టు, ఒక ఖాళీ తూటా డొప్ప. మార్కో మనిషెవడో భయపడి పారేసి పారిపోయాడు. బోల్టు లేని రైఫిల్ కర్రతో సమానం. అయినా లక్డీకాపూల్ ల్యాబ్‌లో ఇచ్చి రిపోర్ట్ పట్రా."

తారక్ సంచి తీసుకుని బయటికొచ్చాడు. మెట్లు దిగుతుంటే కాళ్లు లక్డీకాపూల్ వైపు పోనన్నాయి. ల్యాబ్ వాళ్లు రిపోర్ట్ ఇచ్చేసరికి సాయంత్రమవుతుంది. రెండు నిమిషాల్లో చెప్పగల మనిషి ఈ అమీర్‌పేటలోనే ఉన్నాడు. ఆ మనిషి మొహం చూడాల్సి వస్తుందనే మూడేళ్లుగా ఆ సందులోకి పోకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాడు తారక్.

ఇప్పుడు చెబుతాను. మూడేళ్ల కిందట, అస్సాం అడవుల్లో ఒక ఆయుధాల దళారిని పట్టే మిషన్. తారక్ షూటర్, ధాత్రి అతనికి గురి చూపించే స్పాటర్. మొదటి గుండు కారు టైరుకి తగిలింది. రెండోది పేలలేదు. మొదటిదాని ఖాళీ డొప్ప, తూటా కూర్చునే ఛాంబర్‌లోనే ఉండిపోయింది. దాన్ని పట్టి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ విరిగింది. దళారి తప్పించుకున్నాడు. తప్పు తారక్‌ది. తూటాని మ్యాగజిన్‌లో పెట్టకుండా చేత్తో నేరుగా ఛాంబర్‌లో వేసి, దాన్ని మూసే బోల్టుని నెట్టడం అతని అలవాటు. స్టైలు! వద్దని వందసార్లు చెప్పించుకున్నాడు. విరిగిన ముక్క చేతిలో పట్టుకుని కూర్చుంటే ధాత్రే అంది: "పారేయ్. రిపోర్ట్ సంగతి నేను చూసుకుంటా." ముక్క వాగులోకి పోయింది. రిపోర్ట్‌లో ఇలా పడింది: "ఆర్మరర్ ఎక్స్‌ట్రాక్టర్‌ని సరిగ్గా బిగించలేదు." కింద ఇద్దరి సంతకాలు.

తుపాకులు బాగుచేసే ఆ ఆర్మరర్ పేరు హనుమాండ్లు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నెల తిరక్కుండా ఉద్యోగం ఊడింది.

*

సందు చివర, గర్ల్స్ హాస్టల్ కింద, షట్టర్ సగం ఎత్తిన చిన్న కొట్టు. "హనుమాండ్లు మిక్సీ రిపేర్." లోపల ఒకామె మోటారుకి రాగి తీగ చుడుతోంది. హనుమాండ్లు భార్య చంద్రమ్మ. బల్లమీద నాలుగు మిక్సీలు పొట్టలు విప్పుకుని పడున్నాయి. వాటి వెనక, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఆయన.

తారక్‌ని చూడగానే గబుక్కున లేచాడు.

"సార్! మీరా! రాండ్రి, రాండ్రి." భుజం మీది తువ్వాలుతో స్టూలు తుడిచాడు.

ఒకప్పుడు ఆర్మరీలో ఆయన తారక్‌ని "తమ్మీ" అనేవాడు. "సార్" అన్న ఆ ఒక్క మాటకే తారక్‌కి సగం ప్రాణం పోయింది.

"హనుమాండ్లుగారూ, ఒక చిన్న పని. ఇది చూసి ఏమైందో చెప్పాలి."

బోల్టుని చూడగానే పెద్దాయన మొహం మారిపోయింది. చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుని గానీ ముట్టుకోలేదు.

"మూడేండ్లయింది సార్ గిసొంటిది పట్టుకోక," అన్నాడు. "జర ఆగుండ్రి. ముందుగాల డొప్ప ఇయ్యుండ్రి. బోల్టు అబద్ధమాడొచ్చు గని డొప్ప ఆడదు."

డొప్పని వెలుతురుకి ఎత్తి తిప్పాడు. భూతద్దం కంటికి పెట్టాడు.

"గిది తనంతల రాలే, సలాకతోని పొడిసి తీసిన గుర్తుంది. డొప్ప బయటికి రాకుంటె మూడే కారణాలు. ఛాంబర్ల మురికన్న ఉండాలె, పంజా పట్టన్న లూజు గావాలె, లేకుంటె పంజానే పోవాలె."

పంజా. ఎక్స్‌ట్రాక్టర్‌ని ఈయన ఎప్పుడూ ఆ పేరుతోనే పిలుస్తాడు. తారక్ నేలచూపులు చూశాడు.

"మురికికి ఇరుక్కుంటె పంజా గట్టిగ గుంజుతది. గుంజితె డొప్ప అంచు చిరుగుతది. చూడుండ్రి, చిరగలే. గది కాదు." బోల్టు పక్కనున్న పొడుగాటి ఉక్కు పట్టీని బొటనవేలి గోరుతో ఎత్తి వదిలాడు. టక్కుమంది. "పట్టు బిర్రుగనే ఉంది. గది సుత కాదు. ఇగ మిగిలింది గిదే." పట్టీ కొసన ఉన్న కొక్కేన్ని అద్దం కింద పెట్టాడు. "ఆఁ. మూల ఎగిరిపోయింది. విరిగిన కాడ చూడుండ్రి, రెండు రంగులున్నయ్. సగం నలుపు, సగం తెలుపు. అంటె ఒక్కనాడు విరగలే. ముందుగాల పగులొచ్చింది, దాంట్లకు నూనె పోయి నల్లగయింది. మిగిలిన సగం మొన్న తెగింది."

"ఎందుకు పగిలింది?" అడిగాడు తారక్. తెలిసీ అడిగాడు.

"పంజా తప్పు కాదు సార్, చెయ్యి తప్పు. తూటా మ్యాగజిన్లకెల్లి పైకొస్తె దాని అంచు కిందికెల్లి జారి సీదా పంజాల కూసుంటది. వీడు గట్ల చేస్తలేడు. చేత్తోని తూటాను ఛాంబర్ల పడేసి బోల్టు నూకుతుండు. అప్పుడు పంజా ఆ అంచు మీదికెల్లి ఎగిరి దుంకాలె. ఎన్నిసార్లు దుంకుతది పాపం? గీ డొప్ప మీద గీతలు చూడుండ్రి, దుంకిన గుర్తులే. వీడు ఒక్క గుండు చాలు అనుకునే పొగరుబోతు."

ఆ మాట మార్కోని ఉద్దేశించి అన్నది. తగిలింది మాత్రం ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాడికి.

హనుమాండ్లు బోల్టు కింద పెట్టాడు. 

"సార్, ఒక్క మాట. ఆనాడు అస్సాంల నేను బిగించిన పంజా విరిగింది. మీరు చావు కాడికి పోయొచ్చిన్రు. నాకు విరిగిన ముక్క చూపెట్టలే, రిపోర్టు ఒక్కటే చూపిన్రు. మీరు రాసిన్రంటె నిజమే అయ్యుంటదనుకున్న. మొకం చెల్లక ఇన్నొద్దులు మీ కాడికి రాలే." రెండు చేతులూ జోడించాడు. "మాఫ్ చేయుండ్రి సార్."

చంద్రమ్మ తీగ చుట్టడం ఆపి మొహం పక్కకి తిప్పుకుంది.

ఇదీ క్షణం. ఆయన చేతులు పట్టుకుని, "బాబాయ్, తప్పు నాది" అంటే సరిపోయేది. మూడు మాటలు! దేశదేశాల్లో పదకొండు భాషలు మాట్లాడగల మన ఏజెంట్ త్రీ నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"పర్లేదు లెండి."

ఛీ! రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. అన్నవాడికి ఎలా ఉందో మీరే ఊహించుకోండి. చెవులు కాలిపోయాయి. ఆ కొట్లో నేల చీలితే దాంట్లోకి దిగిపోయేవాడు. చీలలేదు. మాట మార్చడానికి జేబులోంచి ఫోన్ తీసి రాత్రి మెసేజ్ చూపించాడు.

హనుమాండ్లు కూడబలుక్కుని చదివాడు. "పంజా పోయింది. అమీర్‌పేటలో మారుస్తాం." కళ్లద్దాలు పైకి తోశాడు. "గదే కద నేను చెప్పింది. విరిగింది, ఈడ మార్చుకుంటున్నరు."

"అంటే స్పాట్ మారలేదు. కానీ బోల్టు పారేశారుగా?"

"తెగిన చెప్పు ఎప్పుడు పారేస్తరు సార్? కొత్తది కాళ్లకెక్కినాకనే. మార్చుకున్నరు, పాతది ఇడిసిపెట్టిన్రు. మీకు దొరకాలనే మెట్ల మీద పెట్టిన్రేమో." ఫోన్ తిరిగిస్తూ ఆగాడు. "గని గీ మాట వాళ్లకెట్ల తెలుసు? పంజా అనేది మా ఉస్తాద్ పెట్టిన పేరు. నా బల్ల కాడ కూసొని నేర్చుకున్నోళ్లు తప్ప ఇంకెవ్వలనరు."

ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఇప్పుడు సెల్ సెవెన్‌లో ఉన్నది ఇద్దరు. ఒకడు తారక్. రెండో మనిషి నీలం పట్టుచీరలో, అచ్యుతరావు పక్కన, పంజాగుట్టలో ఉంది. మెసేజ్ పంపింది తనే. అది దొరికిపోయేసరికి అర్థం తిప్పేసింది. తారక్‌కి నిజం తెలుసని ఆమెకి తెలుసు. అతను నోరు విప్పడనీ తెలుసు. అందుకే అందరి ముందూ అంత ధైర్యంగా అడిగింది.

తారక్ వాచీ చూశాడు. పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ. చీఫ్‌కి కాల్ కలిపాడు.

"సర్, స్పాట్ పంజాగుట్టే. పంజా అంటే ఎక్స్‌ట్రాక్టర్. బోల్టు మార్చేశారు. ధాత్రి మన మనిషి కాదు."

"ఎవరు చెప్పారు?"

"హనుమాండ్లుగారు."

అవతల ఒక నవ్వు. "ఎక్స్‌ట్రాక్టర్ బిగించడం రాని మనిషని మూడు పేజీలు రాసిచ్చింది నువ్వు. ఇప్పుడాయన మాట పట్టుకుని నా బెస్ట్ ఏజెంట్ ద్రోహి అంటావా? పద్నాలుగు మందిని కదపమంటావా? ఆనాటి రిపోర్ట్ నిజమా, ఇవాళ్టి మాట నిజమా? ఒకటి చెప్పు."

తారక్ తలెత్తాడు. ఎదురుగా హనుమాండ్లు బోల్టుకి పాత గుడ్డతో నూనె రాస్తున్నాడు, పసిపిల్లకి తల అంటుతున్నంత జాగ్రత్తగా.  

"సిగ్నల్ సరిగా లేదు సర్," అని కట్ చేశాడు.

తేలు కుట్టిన దొంగ ఎందుకు అరవడో తెలుసుగా. ఒక్కడినే వెళ్లి ఆపేస్తే ఎవరికీ ఏమీ చెప్పే పనుండదని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

రోడ్డు మీద బండి కదిలే దారి లేదు, మెట్రోలో పోవాలి. స్కానర్ దగ్గర పిస్టల్ దొరికిపోతుంది. నడుముకున్న పిస్టల్ తీసి ఖాళీ మిక్సీ జార్లో పెట్టి మూత పెట్టాడు.

"ఇక్కడుంచండి. వెళ్లాలి."

"సార్," వెనకనుంచి పిలిచాడు హనుమాండ్లు. "వాడు మల్ల చేత్తోనే పెడ్తడు. అలవాటు పోదు. కొత్త పంజా మస్తు బిర్రుగుంటది, మొదటి దెబ్బకు దుంకది. బోల్టు మూసుకోదు. ఇంకింత నూకాలె. మూడు సెకండ్లో నాలుగో పడ్తది. మీకు గంతే టైం."

*

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషన్. రైలు కోసం ఎదురుచూడ్డానికే ఎక్కువ టైం పట్టింది. కిక్కిరిసిన పెట్టెలో బ్యాగుని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. జోడించిన ఆ రెండు చేతులు కళ్లముందునుంచి పోవడం లేదు. రెండు నిమిషాల ప్రయాణం అతనికి అస్సాం దాకా పోయినట్టుంది.

పదకొండూ ఇరవై. పంజాగుట్ట. రోడ్డుకి అవతల కన్వెన్షన్ హాల్. అద్దాల తలుపుల వెనక అచ్యుతరావు తెల్ల జుట్టు, పక్కన నీలం చీర. మెట్లకింద కెమెరాలు. డివైడర్ మీద మనిషెత్తు గ్రిల్, దానికి అటూ ఇటూ ఆగని వాహనాలు. రోడ్డుకి ఇవతల, హాల్‌కి ఎదురుగా ఆరు బిల్డింగులు. ఆరింటికీ డాబాలు.

బ్యాగులోంచి బిర్యానీ డబ్బా తీశాడు. మూత తిప్పితే బైనాక్యులర్. మొదటి డాబా మీద సెల్ టవర్. రెండోదాని మీద సోలార్ ప్లేట్లు. మూడోదాని మీద ఫ్లెక్సీ. ఏదీ తేలలేదు. ఒక్కడు ఆరు డాబాలు ఎక్కి దిగడం జరిగే పని కాదు.

పదకొండూ ఇరవై ఆరు.

ఇక దాచడానికి ఎక్కడా చోటు లేదు. తను నోరు మూసుకుంటే నాలుగు నిమిషాల్లో ఒక మనిషి చస్తాడు. ఇప్పటికే ఒక మనిషిని బతికుండగా చంపాడు. చాలు.

చెవిలోని ఇయర్‌పీస్ నొక్కి ఓపెన్ చానెల్‌కి మార్చాడు. చీఫ్, పద్నాలుగు మంది, ముత్యాల కమ్మలు, అందరూ వినే చానెల్.

"ఏజెంట్ త్రీ మాట్లాడుతున్నాను. అస్సాం రిపోర్ట్ అబద్ధం. హనుమాండ్లుగారు ఎక్స్‌ట్రాక్టర్ సరిగ్గానే బిగించారు. విరగ్గొట్టింది నేను. చేత్తో తూటా పెట్టి విరగ్గొట్టాను. ముక్క వాగులో పారేశాను. ఆయన మీదికి తోసేశాను. ధాత్రి చూసింది, సంతకం పెట్టింది. పొద్దున బ్రీఫింగ్‌లో పంజా అంటే ఏంటో నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. హనుమాండ్లుగారి మాటే నిజం. షూటర్ పంజాగుట్టలో ఉన్నాడు."



అద్దాల తలుపు వెనక నీలం చీర గిరుక్కున తిరిగింది. ఇది ఆమె లెక్కలో లేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె చూపు రోడ్డు దాటి పైకి పోయింది. వరసలో ఐదో బిల్డింగు. నాలుగంతస్తుల హాస్టల్. డాబా నిండా ఆరేసిన బట్టలు.

తారక్‌కి అది చాలు. పరిగెత్తాడు.

"ధాత్రీ!" చెవిలో చీఫ్ అరుస్తున్నాడు. "అచ్యుతరావుగారిని బయటికి తేవొద్దు. ఇట్స్ యాన్ ఆర్డర్!"

"సర్, వాయిస్ బ్రేక్ అవుతోంది," అంది ఆమె తియ్యగా. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి.

లిఫ్ట్ మీద కాగితం: "పని చేయదు." మొదటి అంతస్తు. రెండో అంతస్తు. టిఫిన్ డబ్బాతో దిగుతున్న ఒకాయన్ని గుద్దుకున్నాడు. మూడు. నాలుగు. డాబా తలుపు దగ్గరికేసి ఉంది.

తడి దుప్పట్ల మధ్యనుంచి చూశాడు. పిట్టగోడ దగ్గర మోకాలి మీద ఒకడు. పెయింటర్ల ఓవరాల్, నెత్తిన టోపీ. గోడ కంతలోంచి రైఫిల్ గొట్టం బయటికి పెట్టి ఉంది. కింద మైకులో అచ్యుతరావు గొంతు: "మిత్రులారా..."

మార్కో పైజేబులోంచి ఒకే ఒక్క తూటా తీశాడు. ముద్దు పెట్టుకున్నాడు. చేత్తో ఛాంబర్‌లో వేశాడు. బోల్టు నెట్టాడు.

మూసుకోలేదు.

మళ్లీ నెట్టాడు. మూసుకోలేదు.

తారక్ అరక్షణం అక్కడే కొయ్యబారిపోయాడు. ఆ మోకాలి వాటం, ఆ జేబులోంచి తీసిన తీరు, ఆ పొగరు, అన్నీ తనవే. అద్దంలో చూసుకున్నట్టుంది. అంత అసహ్యం అతనికి ఏ శత్రువు మీదా కలగలేదు.

మార్కో అరచేత్తో బలంగా ఒక్క గుద్దు గుద్దాడు. టక్. కొత్త పంజా అంచు మీదుగా దూకింది. బోల్టు పిడి కిందికి పడింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

దుప్పటితో సహా మీద పడ్డాడు తారక్. గొట్టం కంతలోంచి ఊడి వెనక్కి తిరిగింది. గుండు అచ్యుతరావుని వదిలేసి డాబా మీదే వెనకనున్న నీళ్ల ట్యాంకులో దూరింది. ధారగా నీళ్లు. ఆ నీళ్లలో ఇద్దరూ దొర్లారు. మార్కో కత్తి తీశాడు. తారక్ దగ్గర ఏముంది? బిర్యానీ డబ్బా. దాంతోనే కణత మీద ఒక్కటి పీకాడు. రెండోది అక్కర్లేకపోయింది. బట్టలారేసే తాడు విప్పి కాళ్లూ చేతులూ కట్టేశాడు.

టైం పదకొండూ ముప్ఫై ఒకటి. కింద అచ్యుతరావు ఇంకా ప్రసంగిస్తూనే ఉన్నాడు. ఆయనకి పైన శబ్దం ఏ లారీ టైరో పేలినట్టు వినిపించింది.

*

ధాత్రిని హాల్ వెనక గేటు దగ్గర పట్టుకున్నారు. వ్యాన్ ఎక్కిస్తుంటే తారక్ ఎదురొచ్చాడు.

"నీ గురి గురించి నాకు భయం లేదు," అంది ఆమె. చేతులకి బేడీలున్నా చీర మడత చెదరలేదు. "నీకు సిగ్గెక్కువ. దాని మీద పెట్టాను మొత్తం ప్లానంతా. మూడేళ్లు పనిచేసింది."

 ఆమె చెప్పింది నిజమే. తారక్ పక్కకి తప్పుకుని వ్యాన్‌కి దారిచ్చాడు.

చీఫ్ అతని తడి బట్టలవంక చూశాడు. "మెడల్ ఇవ్వాలో, లోపలేయాలో అర్థం కావట్లేదు. ప్రస్తుతానికి సస్పెండ్ చేస్తున్నాను."

"కరెక్టే సర్."

"హనుమాండ్లుకి లెటర్ పంపిస్తా. మళ్లీ జాయినవమని. నువ్వు వెళ్లక్కర్లేదు. ఆఫీస్ చూసుకుంటుంది."

"లేదు సర్. నేనే చెప్పాలి."

మధ్యాహ్నం రెండున్నరకి ఆ సందులోకి నడిచాడు. అందరూ వినే చానెల్‌లో చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.  స్టూలు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, మొదటినుంచీ చివరిదాకా, ఒక్క ముక్క దాచకుండా. పొద్దున "పర్లేదు లెండి" అన్న సంగతి కూడా. మళ్లీ జాయినవమని లెటర్ వస్తుందనీ చెప్పాడు.

హనుమాండ్లు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. చాలాసేపు తన రెండు చేతులూ బల్లమీద బోర్లించి, తిరగేసి, చూసుకున్నాడు.

ముందు నోరు విప్పింది చంద్రమ్మ.

"నీ నోట్ల మన్నువడ! మూడేండ్ల సంది గీ మనిషి మిక్సీకి స్క్రూ బిగిచ్చి సుత రెండుసార్లు చూసుకుంటుండు, ఎరుకేనా? పక్క మీద పండుకొని సుత చేతులు చూసుకునేటోడు. నా చేతులల్ల ఏదో పోయిందే అనేటోడు. ఏం పోలేదని నేనెన్నిసార్లు చెప్పిన్నో! నా మాట ఇంటడా? కాయితం మీద నువ్వు రాసింది నమ్మిండు!"

తారక్ కళ్లలోంచి నీళ్లు జారుతుంటే తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడ్డాడు. "తప్పయిపోయింది బాబాయ్. తప్పయిపోయింది పిన్నీ."

"ముక్క ఏ వాగుల పడేసినవ్?" అన్నాడు హనుమాండ్లు. 

"పేరు తెలియదు."

"పడేసే ముందు ఒక్కసారి నాకు చూపెడితె అయిపోతుండె. నలుపు తెలుపు చూస్తె నాకే తెలుస్తుండె." కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. "మాఫ్ చేసిన అంటనేమో అని చూస్తున్నవా? అనను."

"అనొద్దు."

"రేపు సుత రా."

"రేపు అంటారా?"

"అనను. ఎల్లుండి సుత అనను. అయినా రా. పొద్దుగాల్ల పదింటికి రా, ఆ స్టూలు మీద నాకు కనబడేటట్టు కూసో. నీ మొకం చూస్తుంటె నా చేతులది తప్పు లేదని నాకు యాదికుంటది. యాది పక్కా అయినాక ఆ లెటర్ సంగతి చూస్త, నిన్ను నేనే పొమ్మంట."

సెల్ సెవెన్ రికార్డుల ప్రకారం ఏజెంట్ త్రీ ప్రస్తుతం ఏ డ్యూటీలోనూ లేడు. అమీర్‌పేట హాస్టల్ సందులో వాకబు చేస్తే మాత్రం, ఆదివారాలతో సహా రోజూ పదింటికి ఠంచనుగా హాజరవుతున్నాడనీ, ఇంతవరకు ఎవరూ పొమ్మనలేదనీ చెబుతున్నారు.